తెల్లగీతకు బెత్తెడు కింద

ఆ తలుపు మూయకు పెద్దమ్మా. గాలి కొడుతున్నదా? కొంచెం ఆ మూలకు జరిగి కూసో, కని తలుపు మాత్రం తెరిచే ఉండనియ్యి. ఎందుకో తర్వాత చెప్త.

మెచ్చుకుంటున్నరు పెద్దమ్మా నన్ను! ఏం చెప్పాలె ఇగ? నిన్న సర్కారు దఫ్తర్ నుంచి కాగితం వచ్చింది. పడవ నేర్పే అజ్మత్ అలీ తప్పేం లేదట. నడిపిన నీ మైసయ్యే చెప్పిన మాట ఇనలేదట. ఎల్లుండి నేను పోయి దస్కత్ పెడితే రెండు కొత్త పడవలు ఇస్తరట. రెండు! ఒక్కటి అడిగితే రెండు.

నీ కొడుకు పోయి ముప్పై ఎనిమిది దినాలు. నేనుండే మొఘల్‌పురా నుంచి ఈడికి నడిస్తే గంట. ముప్పై ఎనిమిది దినాల్ల ఒక్క గంట దొరకలేదా నీకు అని అడుగు. అడుగవా? సరే. వల అల్లుకుంటనే ఇను.

నీకు తెల్వనిదేముంది, ఉస్మాన్‌గంజ్‌ల కాంటా కాడ నేను బస్తాలు తూచేటోన్ని. కండ్లతోని చూసి బరువు చెప్పేది. సేట్లు పందెం కాసేటోళ్లు నా మీద. లెక్కంటే నాకు గంత గర్వం.

అదే లెక్క ఈ చెరువు మీద పెట్టిన. బార్కస్ దాటి వచ్చి చూస్తే ఏముంది? టాంగా గుర్రాలకు గడ్డి కోసేటి ఆడోళ్లు కుండలు కట్టిన తెప్పల మీద అవతలికి పోతున్నరు. రెండేండ్లల్ల ముగ్గురు మునిగిండ్రు. గట్టు మీదనేమో పద్దెనిమిదేండ్ల, ఇరవై ఏండ్ల పోరగాండ్లు పని లేక కూసున్నరు. పడవ నడుపుడు నేర్పితే ఈళ్లకు కృష్ణ రేవుల మీద నౌకరీ దొరుకుతది, ఆళ్లకు పానాలు దక్కుతయి. ఒక్క దెబ్బకు రెండు పనులు. తప్పా పెద్దమ్మా? చెప్పు, ఆ తలపు తప్పా?

పాత పడవ ఒకటి తెచ్చి తారు పూసినం. నీ మైసయ్యతోని కలిపి ఏడుగురు పోరగాండ్లు జమయిండ్రు. గెడ పట్టుడు, గాలికి మలుపుడు, అదంతా నీ మైసయ్యే నేర్పిండు, పేరుకే నేను ఉస్తాద్‌ను. చేపలు పట్టేటోళ్ల పిల్లగాడు, నీళ్లల్లనే పెరిగిండు. నేను నేర్పింది లెక్క.

ఒక బస్తా ఇద్దరు మనుషుల బరువు. ఏడు బస్తాలు పెట్టి తోలినం. నీళ్లు ఎంత మీదికి వచ్చినయో చూసి, ఆడ పడవ పక్కకు తెల్లరంగుతోని గీత గీసిన. నీళ్లు గీత దాటొద్దు. దాటకుంటే పద్నాలుగు మంది దాక ఫికర్ లేదు. నేను గట్టు మీదికెళ్లి గీత చూసి చెయ్యెత్తాలె, అప్పుడే పడవ కదలాలె. అదీ కానూన్.

ఆ ఏడు బస్తాలతోని ముప్పై సార్లు తిరిగినం. గాలిల తిరిగినం, వానల తిరిగినం. చుక్క నీళ్లు లోపటికి రాలే.

నీ కొడుకు బస్తాలకు పేర్లు పెట్టిండు తెలుసా? నవ్వుతున్నవా? నవ్వు, పరవాలేదు. "ఇగో ఈమె మా మేనత్త. ఇగో ఈమె చిన్నమ్మ. ఏయ్ మేనత్తా, కాళ్లు ముడుచుకో" అని గెడతోని పొడిచేటోడు. పోరగాండ్లందరు ఒకటే నవ్వు.

ఒకనాడు నవ్వుకుంటనే అన్నడు. "అజ్మతన్నా, మా మేనత్త మస్తు మంచిది. కూసోమంటే కూసుంటది. కని నిజం మేనత్త గట్ల ఉండదు గదా. ఒక్కసారి బస్తాలు దించి మనుషుల్ని ఎక్కిద్దామన్నా. లేచి నిలబడమందాం, ఒక్క దిక్కుకు ఉరకమందాం. ఏమైతదో చూద్దాం. గట్టు దగ్గర, మొల లోతు నీళ్లల్లనే చేద్దాం."

నేనేమన్న? "బరువు బరువేరా. బస్తాకైనా మనిషికైనా కాంటా ఒక్కటే" అన్న.

అందరు నవ్విండ్రు. ఈసారి వాని మీద. వాడు కూడా నవ్విండు. గెడ తీసుకున్నడు.

ఏంది పెద్దమ్మా, చేతులాగినయి? అల్లు. నువ్వు అల్లుతుంటే నాకు చెప్పనీకె తేలికైతది.

ఆనాడు పగటి పూట. గడ్డి కోసుకొని వస్తున్నరు. నేను అవతలి గట్టు మీదనే ఉన్న. నువ్వు ఇన్నది ఏంది? మైసయ్య ఒక్కొక్కరికి రెండేసి మోపులు ఎక్కించిండని. దించుమని నేను మొత్తుకున్నా ఇనలేదని. వాని వల్లనే నీలమ్మ మునిగిందని. అదే గదా బస్తీ అంతా అనుకునేది? అందుకే గదా బాయి కాడికి నిన్ను రానిస్తలేరు, నీ బిందె తన్నేసిండ్రు? ఆ సొట్ట అప్పటిదేనా? వాకిట్ల వచ్చేటప్పుడు చూసిన.

ఆ మాట ఎవరు పుట్టించిండ్రో అడుగవేంది?

ఆగు. వరుసగ చెప్పనియ్యి. లెక్క తప్పితే మళ్ల చెప్పలేను.

ఆడోళ్లు ఎనిమిది మంది. మైసయ్యతోని తొమ్మిది. మోపులు ఎనిమిది, మనిషికి ఒక్కటే. రెండు మోపులు ఒక మనిషి బరువు, అంటే నాలుగు. తొమ్మిది, నాలుగు, పదమూడు. పద్నాలుగు దాటలే. నేను వంగి చూసిన పెద్దమ్మా. నీళ్లు తెల్లగీతకు బెత్తెడు కింద ఉన్నయి. నేనే చెయ్యెత్తిన. వాడు నా చెయ్యి చూసినంకనే గెడ ఏసిండు.

నడుమకు పోయిండ్రు. గడ్డిమోపుల నుంచి పాము బయటికి వచ్చింది. ఏం పామో ఏమో, నీళ్లపామే అయ్యుంటది. ఒకామె కేక పెట్టింది. ఎనిమిది మంది లేచిండ్రు. ఎనిమిది మంది ఒక్క దిక్కుకే ఉరికిండ్రు.

గంతే. పడవ బోర్ల పడ్డది. గీత ఏడున్నదో, లెక్క ఏడున్నదో.

మైసయ్య ఒక్కొక్కరిని గుంజి బోర్లపడ్డ పడవ మీద ఏసిండు. నేను గట్టు మీద లెక్క పెడుతున్న. ఒకటి. రెండు. ఐదు. ఏడు. గా టైంల కూడా లెక్కనే! ఎనిమిదో మనిషి నీలమ్మ. "భాయ్, ఇంకెవరు?" అని అరిచిండు నా దిక్కు చూసి. నేను వేలెత్తి చూపిన, కొంగు తేలుతున్న కాడికి. అటు పోయిండు. భయానికి ఆమె మెడ పట్టుకున్నది కావచ్చు. ఇద్దరు మళ్ల పైకి రాలే.

నేనా? మోకాళ్ల దాక దిగిన. గంతే.

నాకు ఈత రాదు పెద్దమ్మా.

ఎవరికి తెల్వదు ఇది. మైసయ్యకు తప్ప. "ఉస్తాద్, ఒక పూట కూసొని నేర్పిస్త" అని ఎన్నిసార్లు అన్నడో. ఏడుగురు శిష్యుల ముంగట ఉస్తాద్ మునుగుడు తేలుడు ఏందని నేను నేర్చుకోలే.

పోలీసు దారోగా వచ్చిండు. "బరువెక్కువైందా?" అని అడిగిండు. ఆయనే అడిగిండు. నేను తల ఊపిన. ఊపినంక మాట దానంతట అదే వచ్చింది. రెండేసి మోపులు. దించుమన్న. ఇనలే. మోపులన్నీ నీళ్లల్ల కొట్టుకపోయినయి, ఎవడు లెక్కపెడుతడు? బతికిన ఆడోళ్లు ఒక్కటే మోపని ఏడ్చిండ్రు. రాసేటోడు రాసుకోలే. లెక్కలోడు నేను చెప్పినంక గడ్డి కోసేటోళ్ల మాట ఎవరిక్కావాలె?

బడి బతుకుతదని చెప్పిన అనుకున్న. లెక్క తప్పని తేలితే బడి బందైతది, ఆరుగురు పోరగాండ్లు మళ్ల పని లేక గట్టు మీద కూసుంటరు, ఆడోళ్లు మళ్ల కుండలెక్కుతరు అని. మస్తు నచ్చజెప్పుకున్న నాకు నేను.

కని కాంటా కాడ నిలబడలేకపోతున్న. హమాలీ బస్తా తెచ్చి పళ్లెంల పెడుతడు. నాకు ఆ బస్తా లేచినట్టు కనబడుతది. పొద్దున, పట్టపగలు, బజారంతా లొల్లి ఉన్నప్పుడు! మూతి కట్టు కాడ తల ఉన్నట్టు, అది నా దిక్కు తిరిగినట్టు. "మేనత్తా, కాళ్లు ముడుచుకో" అని ఇనబడుతది. వెనక్కి తిరిగి చూస్త. ఎవరుంటరు? మొన్న బరువు తప్పు చెప్పిన. నా బతుకుల మొదటిసారి. సేటు ఏమన్లే. కాంటా దిగి వచ్చేసిన.

తిట్టు పెద్దమ్మా. ఆ వల కండె నా మొఖాన కొట్టు. గట్ల చూడకు.

తలుపు ఎందుకు తెరిచి ఉంచుమన్ననో చెప్తనన్న గదా. నేను ఒక్కన్ని రాలే. నీలమ్మ పెనిమిటి బాలకిషన్‌ను ఎంబడి తీసుకొచ్చిన. బయట గోడ పక్కకు కూసున్నడు. నీతోని ఒక్కదానితోనే చెప్పుకుంటే రేపటికల్లా మాట మలుపుకుంటనని భయమైంది. నన్ను నేను నమ్మే రోజులు పోయినయి.

బాలకిషనూ! ఇన్నవా? ఒక్క మోపే. చెయ్యి ఎత్తింది నేను.

లేచిండు. ఇటే వస్తున్నడా? రానియ్యి, కొడితే కొట్టనియ్యి. నువ్వు అడ్డం రాకు.

లోపటికి వస్తలేడు. వంగిండు. ఏం తీసుకున్నడు, రాయా?

నీ బిందె. సొట్ట బిందె. నీకు నీళ్లు తేనీకె బాయి దిక్కు పోతున్నడు చూడు.

నా దిక్కు చూడనే లేదు. చూడొద్దు గూడ.

ఎల్లుండి దఫ్తర్‌ల గిదే చెప్త. పడవలు రావు. ఆడోళ్లు కుండలే కట్టుకుంటరు, నాకు జైలో ఏదో. ఇడిస్తే మళ్ల కాంటా కాడికే పోవాలె, ఇంకేం పని వచ్చు నాకు? తూచుకుంట నిలబడ్త. లేస్తే లేవనియ్యి బస్తాలను.