ఫైనల్లో బెంచి మీద

ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో దగ్గర ఓ చిన్న ఊరి సెలూన్‌లో బాస్కెట్‌బాల్ కోచ్‌ల మీద వాదన నడుస్తోంది. కుర్చీలో ఉన్నది పెద్దాయన, కత్తెర పట్టింది సెలూన్ యజమాని.

“గొప్ప కోచ్ ఎవరో మనీలావాళ్లు తేల్చుకుంటార్లే అన్నా. చెత్త కోచ్ మాత్రం మన అర్నుల్ఫోనే.”

“ఏం చేశాడని?”

“అప్పట్లో మన ఊరి పండగ ఫియెస్టా ఫైనల్లో రోవెల్‌ని బెంచి మీదే కూర్చోబెట్టాడు. గెలిచే ఆట పోగొట్టాడు.”

“రోవెల్ మా అక్క కొడుకు. ఆ పొద్దున వాడికి గుండెనొప్పి వచ్చింది. ఆడితే బతకడన్నాడు డాక్టరు.”

కత్తెర ఆగింది.

“మరి అర్నుల్ఫో ఎవరికీ చెప్పలేదేం?”

“మా బావ పోయింది కూడా గుండెతోనే. అమ్మకి తెలియనివ్వొద్దని వాడు బతిమాలుకున్నాడు. ఆపరేషన్ కూడా ఆవిడకి తెలియకుండానే చేయించాం. పోయిన నెల అక్క పోయింది, అందుకే ఇప్పుడు చెప్తున్నా.”

“ఈ మధ్య కనిపించట్లేదు, అర్నుల్ఫో ఇంకా ఇక్కడే ఉన్నాడా?”

“ఇక్కడే. కటింగ్‌కి మాత్రం పక్క ఊరెళ్తాడు. ఆ ఫైనల్ మర్నాడు ఆయన్ని ఈ కుర్చీలోంచి లేపి పంపింది నువ్వే కదా.”

సెలూన్ యజమాని కత్తెర పక్కన పెట్టాడు. పెద్దాయన మెడ మీద వెంట్రుకలు మెల్లగా దులిపాడు.

“ఆయన్ని రేపు పొద్దున రమ్మని చెప్పన్నా.”

“వస్తాడో రాడో.”

“రాకపోతే కత్తెర పట్టుకుని నేనే వాళ్లింటికెళ్తా.”