మూడో గేటు దగ్గర లేచిన అల

"పన్నెండు వరసల పైన కూచున్నవాడి ఒళ్లో పల్లీల పొట్లం పడేసేవాణ్ని, తెలుసా? అటు చూడకుండా, వీపు తిప్పి," అన్నాడు ఎమిల్ స్లాద్కీ. చుట్టుకుపోతున్న కాగితం ఒకటి బల్ల మీద పరిచి, ఓ పక్క ఉప్పు సీసా, ఇంకో పక్క మిరియాల సీసా బరువు పెట్టాడు.

ఆ పొద్దున గస్ హోటల్లో గస్ కాక ముగ్గురే ఉన్నారు. ఒకప్పుడు బేస్‌బాల్ ఆటల్లో పల్లీలమ్మిన ఎమిల్, బస్సు నడిపి రిటైరైన రే, బల్ల ఆ చివర గుడ్లు తింటున్న ఓర్లా మే. నది ఒడ్డున ఉన్న పాత బేస్‌బాల్ మైదానాన్ని పడగొట్టేస్తున్నారు. ఒక్క గోడ మాత్రం ఉంచుతారట. జనం వరసగా చేతులెత్తి లేచి కూచుంటే మైదానం చుట్టూ అల పరిగెత్తినట్టుంటుందే, ఆ అలని మా ఊళ్లో మొదటిసారి లేపిన మనిషి పేరు దాని మీద చెక్కిస్తారట. పేర్లు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఎమిల్ ఆ కాగితం మీద తన పేరు అప్పటికే రాసేసుకున్నాడు.

"పన్నెండు వరసలా? పోయిన వారం ఎనిమిదన్నావు," అన్నాడు గస్, పెనం గీకుతూ.

"పోయిన వారం నాకు మెడ పట్టేసింది. వినండి. 1979, ఆగస్టు పదకొండు, శనివారం. ఈ తేదీ నేను పుట్టించింది కాదు, ఆనాటి పేపర్లో ఉంది, గోడకి పేర్లు తీసుకునే కమిటీవాళ్లే చూపించారు. తొమ్మిదిలో ఏడో ఇన్నింగ్స్. మనవాళ్లు ఆరు పరుగులు వెనకబడ్డారు. జనం చర్చిలో రెండో గంట ప్రసంగం వింటున్నట్టున్నారు. నేను మెట్ల మీదున్నా, మెడకి తట్ట, తట్టలో అప్పుడే వేయించిన పల్లీలు, ఎంత వేడంటే నా చొక్కా గుండీలు కరుగుతున్నాయి. పైనుంచి ఓ లావాటాయన వేలు చూపించాడు. విసిరా. పొట్లం గాల్లోనే పగిలి, పల్లీలన్నీ ఆయన కాలర్లోంచి వీపు మీదికి జారాయి. ఆయన రెండు చేతులూ ఎత్తి లేచాడు. పక్కావిడ బంతి ఇటే వస్తోందనుకుని తనూ చేతులెత్తి లేచింది, ఆవిణ్ని చూసి ఆ పక్కవాడు, వాణ్ని చూసి ఇంకోడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆ లావాటాయన కిందికొచ్చి నిన్ను తన్నాడు," అన్నాడు రే.

"తన్నడానికి ఆయనకి తీరికేదీ, తమ్ముడూ? పల్లీలు దులుపుకుని కూచునేసరికి అల మైదానం చుట్టొచ్చి ఆయన ఎడం పక్కన నిలబడింది, మళ్లీ లేవాల్సొచ్చింది. అలా మూడు చుట్లు. నాలుగో చుట్టుకి గాలి పుట్టింది. మనవాడొకడు బ్యాటు పట్టుకునున్నాడు, బక్కవాడు, వాడు కొడితే కాకి కూడా కదలదు, వాడు కొట్టిన బంతి ఆ గాలికి లేచి, కంచె దాటి, ఒహైయో నది దాటి, అవతల వెస్ట్ వర్జీనియాలో ఒకావిడ ఆరేసిన దుప్పట్లో పడింది. ఆవిడ దాన్ని ఉతికి పంపించింది."

"ఇస్త్రీ చెయ్యలేదా?" అన్నాడు గస్.

"నవ్వు, నీదేం పోయింది. పైన మాకు జీతాలిచ్చే పెద్దవాళ్లు కూచునే అద్దాల గది ఉండేది, గుర్తుందా? వాళ్లు మాత్రం లేవలేదు. పుట్టాక ఒకరి కోసం లేచిన మనుషులు కారు వాళ్లు. అయితే అల ఆగిందనుకున్నారా? వాళ్లని కుర్చీలతో సహా లేపింది. బట్టతల వైస్ ప్రెసిడెంటు ఒకడు చేతిలో గ్లాసుతో పోయి పైకప్పుకి అతుక్కున్నాడు. నిచ్చెన వేసి దింపారు. ఆ నిచ్చెన పట్టుకున్నదెవరు?"

"నువ్వే."

"నేనే. వదిలేద్దామనిపించింది. రోజంతా బరువు మోస్తూ మెట్లెక్కి దిగేవాడికి నీళ్లు తాగడానికి ఐదు నిమిషాలివ్వని మనుషులు. అయినా పట్టుకున్నా. అది నా మంచితనం."

రే నవ్వాడు. ఎమిల్ పెన్ను అతని వైపు జరిపాడు. రే తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు.

"అక్కడితో అయిపోలేదు. అల మూడో గేటులోంచి రోడ్డెక్కింది. వంతెన మీద కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ముందు చక్రాలెత్తాయి. నీ బస్సు కూడా ఎత్తింది, రే, నువ్వు మర్చిపోయుంటావు. ఇండియానాలో మొక్కజొన్న చేలు లేచాయి. షికాగోలో డిస్కో ఆడేవాళ్లు రెండు చేతులూ ఒకేసారి ఎత్తి, ఇదేదో బావుందే అని మళ్లీ ఎత్తారు. ఊళ్ల బయట కార్లలో కూచుని సినిమా చూసేవాళ్ల సంగతి సరే, తెర మీద చచ్చిపడున్న కౌబాయి లేచాడు, హీరో వాణ్ని ఇంకోసారి కాల్చాల్సొచ్చింది. రాకీ పర్వతాల దగ్గర కాస్త ఇబ్బంది పడింది, వయసైన కొండలు, మోకాళ్ల నొప్పులు, కొన్ని లేచి మళ్లీ కూచోలేకపోయాయి, అందుకే అంత ఎత్తున్నాయి. చివరికి కాలిఫోర్నియా ఒడ్డుకి పోయింది. అప్పటిదాకా ఆ పసిఫిక్ సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉండేది."

"సముద్రానికి అలలు నేర్పింది నువ్వన్నమాట," అన్నాడు గస్.

"నేననలేదు, నువ్వన్నావు. అదే సాక్ష్యం. సంతకం పెట్టు."

గస్ చేతులు తుడుచుకుని నిజంగానే పెన్ను తీసుకున్నాడు. "గోడ మీదికెక్కిస్తే ఇక్కడ చెప్పడం మానేస్తాడేమో," అన్నాడు రేతో.

అప్పుడు ఓర్లా మే ఫోర్కు కింద పెట్టింది. ఆ మైదానంలో ఆమె సోడాలు అమ్మేది, అమ్మేవాళ్ల యూనియన్‌కి పెద్ద. యూనియన్లో అందరూ అక్కా, తమ్ముడూ అనే పిలుచుకునేవాళ్లు.

"తమ్ముడూ, ఆ రోజు ఏ గేటులోంచి లోపలికెళ్లావు?"

"ఏ గేటేమిటక్కా, మూడో గేటు. అమ్మేవాళ్లకి ఉన్నది అదొక్కటే కదా."

"ఆగస్టు పదకొండున."

"శనివారం. పేపర్లో ఉంది."

"మన సమ్మె జూలై ముప్పై ఒకటిన మొదలైంది. పంతొమ్మిది రోజులు చేశాం. పదకొండో తారీఖు పన్నెండో రోజు. నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని ఆ మూడో గేటుకే అడ్డంగా నిలబడ్డాం. మనల్ని తోసుకుని లోపలికి పోయి పల్లీలమ్మినవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల పేర్లు నాకింకా నోటికొచ్చు. ఒక్కడి పెళ్లికి పోలేదు, ఒక్కడి చావుకి పోలేదు." ఆమె ఓ గుక్క కాఫీ తాగింది. "నీ పేరు పదోది చెయ్యమంటావా?"

పెనం మీద ఏదో మాడుతోంది. గస్ చూడలేదు.

ఎమిల్ కాగితం మీద తన పేరు కేసి చూశాడు. ఉప్పు సీసా తీశాడు, మిరియాల సీసా తీశాడు. కాగితం దానంతటదే చుట్టుకుపోయింది.

"నేను లోపల లేను," అన్నాడు.

"లేవు," అంది ఓర్లా మే.

"గోడ ఇవతల ఉన్నాం. లోపల గోల వినబడింది. ఓ మూల మొదలై, చుట్టూ తిరిగి, మళ్లీ మా నెత్తి మీదికొచ్చేది. అదేమిటో మర్నాడు పేపర్లో చూసేదాకా తెలీదు."

"నువ్వు వానొస్తోందన్నావు."

"వానొస్తే పల్లీలు అమ్ముడుపోవు, వాళ్ల తిక్క కుదురుతుందన్నాను."

రే పెన్ను అందుకుని మూత పెట్టాడు. "ఇది మాకెప్పుడూ చెప్పలేదే. గెలిచారా?"

"నీళ్లకి పావుగంట. కూచోడానికో బెంచీ," అంది ఓర్లా మే.

"అందులో చెప్పడానికేముంది?" అన్నాడు ఎమిల్. "నిలబడ్డాం. అంతే."

"ఎంతమంది?"

ఎమిల్ వీపు నిటారైంది. "నాలుగు వేల..."

ఓర్లా మే అతని వైపు తిరిగింది.

"నలభై ఒక్కళ్లం," అన్నాడు. చుట్టుకుపోయిన కాగితాన్ని చేత్తో పక్కకి దొర్లించాడు. "మాలోంచి ముగ్గురు మధ్యలో లోపలికి పోయి ఆ తొమ్మిది మందిలో కలిశారు. ముప్పై ఎనిమిది."