గిర్దావర్ సాబ్‌కు వేసిన కుర్సీ

ఇగ ఏం సూస్తందుకు వచ్చిన్రు గిర్దావర్ సాబ్? పోయిన నెల ఎంక్వైరీకి వచ్చి ఇల్లంత సూస్తిరి, రాసుకుంటిరి, కోడికూర తోని కడుపునిండ తింటిరి. వీళ్లు కలిగినోళ్లు, స్కాలర్షిప్పు ఇయ్యక్కర లేదని సంగారెడ్డి తాలూకాఫీసుకు రాసి పంపిస్తిరి. మా తమ్ముని దరఖాస్తు పోయినట్టే వాపస్ వచ్చింది. మళ్ల గీ ఎండల పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ దాంక సైకిల్ తొక్కుకుంట వచ్చుడెందుకు?

వచ్చిన్రు గద, కూసోన్రి. కుర్సీ లేదు, గా గోనెపట్ట మీదనే కూసోవాలె. ఆనాటి కుర్సీయా? అది అబ్దుల్ గనీ సాబ్‌ది. పక్కిల్లే, బట్టల దుకానం ఉన్నది ఆయనకు. రేడియో ఆయనదే, గోడ గడియారం ఆయనదే. మీరు చాయ్ తాగిన పింగాణి కప్పులు ఆయన భార్య ఖమరున్నీసమ్మ పెండ్లిల వచ్చినయి. మా ఇంట్ల మాదేమున్నది సాబ్? ఒక నులక మంచం, రెండు సత్తు గిన్నెలు.

ఓహో, మా తమ్ముడు చిన్నరాములు మీ ఇంటికొచ్చి అంత చెప్పిండా? ఏడ్చిండా? ఏడ్వకేం జేస్తడు? వరంగల్ల ఇంజనీరింగు సీటొచ్చె. మా కుమ్మరోళ్లల్ల గంత దూరం సదివినోడు ఇంకొకడు లేకపాయె. సోమారం లోపల సర్కారు పైసలు వస్తయని కాయితం సూపియ్యకుంటె సీటు ఇంకోనికి పోతది. గది నాకు తెల్వదా?

ఏది, కాయితం ఇటియ్యిన్రి. సామాన్లు మావి కావు, పక్కింట్ల అడిగి తెచ్చుకున్నయి అని నేను సంతకం పెడితె సాలా? రేపు పొద్దుగాల మీరే తాలూకాఫీసుల ఇస్తరా? మంచోళ్లు సాబ్ మీరు. తప్పు రాసిన అని మళ్ల ఇంటికొచ్చి దిద్దుకునే గిర్దావర్‌ను నేనైతె సూడలె. పెడ్త, పెడ్త. జెర ఆగున్రి. ఏం జల్ది?

మా అవ్వ, మమ్ముల కన్నతల్లి, ఉత్త అమాయకురాలు సాబ్. సర్కారు మనిషొస్తున్నడంటె, ఆడపిల్లను సూడొచ్చేటోళ్ల లెక్కనే అనుకున్నది. ఇల్లు ఇజ్జత్‌గ ఉంటె నాలుగు పైసలిస్తరు, బికారోళ్లకెవడిస్తడు అనుకున్నది. అనుకుంటది గద? మా తాతల కాన్నుంచి సర్కారోడు ఇంటికొస్తె ఏదన్న తీస్కపోతందుకు వచ్చిండు గాని, ఇస్తందుకు ఎప్పుడొచ్చిండు? ఇచ్చేటోడొస్తె ఎట్ల కూసోబెట్టాల్నో ఆమెకేం ఎర్క? గుడ్లు పెట్టే పెట్టను కోసింది మీకు.

మీరు గుడ జెర ఆలోచన జేయాలె గద సాబ్. గంత గోడ గడియారం ఉన్నది, అది నడుస్తలేదు. అదన్న సూడలె మీరు. అవ్వ ముక్క మీద ముక్క ఏస్తుంటె తలకాయ ఒంచి తింటనే ఉంటిరి. నవ్వులాటకంటున్న, మనసుల పెట్టుకోకున్రి.

దరఖాస్తు వాపసొచ్చి వారం దినాలాయె. ఆమె సరిగ బువ్వ ముట్టుత లేదు. నా మర్యాదనే నా కొడుకు గొంతు కోసింది అని తల కొట్టుకుంటది. మొన్న ఏం జేసిందో ఎర్కనా? చిన్నరాములు కాళ్ల మీద పడ్డది. కన్నతల్లి, కొడుకు కాళ్ల మీద! వాడే లేవట్టిండు, వాడే ఏడ్చిండు. నేను అప్పుడే తిని చేతులు కడుక్కుంటున్న. కడుక్కునుడు అయిపోయినంక గుడ కొంచెంసేపు కడుక్కున్న.

ఆఁ, అడిగిన్రు సాబ్, మీరు అడగలేదని నేనంటలేను. మొగులయ్యా, గీ రేడియో నీదేనా అని నన్నే అడిగిన్రు. మాదే సాబ్ అన్న. జీతమెంత అంటె ఉన్నదానికి రెండింతలు చెప్పిన. ఇజ్జత్ కోసం చెప్పిండని రాసిన్రా గీ కాయితంల? సదువుతనే ఉన్న, నాకు సదువొచ్చు. ఏడో తరగతి పాసు నేను.

మా బాపు సచ్చిపోయిన ఏడాదే ఏడో తరగతి పాసైన. లెక్కలల్ల నూటికి తొంబై ఆరు. చిన్నరాములుకు ఏడుల ఎన్నొచ్చినయో తెలుసా? ఎనబై ఒకటి. గప్పటి మా హెడ్మాస్టర్ నరసింహమూర్తి సార్ ఇంటికొచ్చి, పిల్లగాని సదువు బంద్ చేయియ్యకు ఎంకమ్మా అని బతిమాలిండు. పెద్దోడు సంపాదిస్తె చిన్నోడు సదువుకుంటడు సారూ అన్నది మా అవ్వ. గంతె, ఒక్క ముక్కల తెంపేసింది. సార్ వాకిట్ల నిలబడి మాట్లాడి నిలబడే పోయిండు, ఆయనకు ఎవ్వలూ కోడి కొయ్యలె.

పదమూడేండ్లకు రోడ్డు పనిల కంకర మోసిన. ఇప్పుడు పైపుల కంపెనీల ఫిట్టర్‌ను. మా వర్క్‌షాపుల సూర్యారావని ఇంజనీరున్నడు, రాజమండ్రి దిక్కు మనిషి, నాకంటె చిన్నోడు. నాలుగేండ్లాయె, నా పేరు ఆయనకింక తెల్వదు. చిటిక ఏస్తడు, నేనురుకుత.

ఎండకాలంల ఒకనాడు చిన్నరాములు నాకు సద్ది పట్టుకొని గేటు కాడికొచ్చిండు. గా సూర్యారావు వాన్ని ఇంగ్లీషుల ఏదో అడిగిండు. వీడు ఇంగ్లీషులనే జవాబిచ్చిండు. ఇద్దరు నవ్విన్రు. సీటు రాబోతుందని తెలిసి, లోపలికి తీస్కపోయి ఎదురుంగ కూసోబెట్టుకొని, చాయ్ తెమ్మని చిటిక ఏసిండు. ఎవరు తెచ్చిన్రనుకుంటున్రు సాబ్ గా చాయ్? నేనే తెచ్చిన.

నన్ను సూడంగనె నా తమ్ముడు లేచి నిలబడ్డడు. అన్నా అనుకుంట నా చేతులకెళ్లి గ్లాసు అందుకున్నడు. మంచోడే సాబ్. మంచోడు కాకుంటె నాకు గింత బాధెక్కడిది? నాలుగు తిట్లు తిట్టి మర్చిపోదును.

ఇంటికి పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి ఏమన్నడో చెప్పనా? "అన్నా, నేను ఇంజనీరై గీ కంపెనీకే వస్త. నిన్ను గా చప్పుడులకెళ్లి తీసి కూసుండే పని ఇప్పిస్త" అన్నడు. ఇప్పిస్తడంట! నేను కంకర మోస్తె సదువుకున్నోడు, నాకు కూసుండే పని ఇప్పిస్తడంట. వాడు ప్రేమతోనే అన్నడు. గా దినం నుంచి మాత్రం వాని ముఖం సూస్తె నాకు బువ్వ దిగుత లేదు.

ఇగ ఇనున్రి. మీరొస్తున్నరని అందరికంటె ముందు ఎర్కైంది నాకే. మీ చప్రాసి హోటల్ల చెప్పిండు. చిన్నరాములు పదిసార్లు చెప్పి పెట్టిండు నాకు, వాళ్లొస్తె ఇల్లు ఉన్నదున్నట్టు సూపియ్యి అన్నా, అవ్వను ఏం జేయనియ్యకు అని. సరే అన్న. మీరొచ్చిన బేస్తవారం పొద్దుగాల, స్కూల్ల సర్టిఫికెట్ తెచ్చుకో పోరా అని వాన్ని సంగారెడ్డి బస్సెక్కిచ్చింది నేనే. ఇజ్జత్ సూసి పైసలిస్తరే అవ్వా అని ఆమెకు చెప్పింది గుడ నేనే. ఆమెకు గంత ఆలోచన ఎక్కడిది పాపం? పెట్టను కోసుడెందుకే, ఇంకేమన్న వండు అని నోటిమాటకన్న అనలె నేను. రేడియో నా భుజం మీద పెట్టుకొని తెచ్చిన. గా కుర్సీ మీ కోసం తుడిచి వేసింది నేనే.

గట్ల సూస్తరేంది సాబ్? మీరు సూసిందే రాసిన్రు, నేను సూపియ్యాల్నన్నదే సూపిచ్చిన. మీ తప్పేం లేదు.

తీస్కోన్రి మీ కాయితం. సంతకం పెట్ట. ఇంటి యజమాని ఒప్పుకుంటలేడని రాసుకోన్రి. సోమారం నాడు వాడు వరంగల్ కాదు, నాతోని కంపెనీకొస్తడు. మేస్త్రీతోని మాట్లాడి పెట్టిన, నా కిందనే హెల్పరు. ఆకురాయి ఎట్ల పట్టుకోవాల్నో నేనే నేర్పిస్త. చాయ్ గుడ తెప్పిచ్చుకుంట, చిటిక ఏసి కాదు, పేరు పెట్టి పిలిచి. గంత పాపాత్మున్ని కాను.

గదిగో, అవ్వొస్తున్నది. ఇంద్రేశం ఊర్ల కలుపుకు పోయింది. ఆమెకు చెప్తరా? చెప్పున్రి, నాకేం పరేషాన్ లేదు. సర్కారు మనిషని మీ మీద గౌరవం ఉన్నదామెకు. అయినా నమ్మదు. నేను రేడియో తెస్తుంటె ఆమె నా ముఖం దిక్కు సూసింది సాబ్, కొంచెంసేపు సూసి ఇంట్లకు పోయి పొయ్యి ముట్టిచ్చింది. ఆమెకు ఎర్కే అనుకుంట. ఎర్కున్నా నమ్మదు. నమ్మితె రేపటి నుంచి నేను తెచ్చిన బియ్యం ఎట్ల వండుతది?