ఉబ్బిన ఫోనుకి గేదె వైద్యం

కంకిపాడు సెంటర్లో శౌరమ్మ టీకొట్టు ముందు బసవపున్నయ్య నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారాల్సిందే. పశువులకి నాటువైద్యం చేస్తానని తిరిగే మనిషి ఆయన. ఇవాళ ఆ గొంతు వింటుంటేనే శౌరమ్మకి ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి! మొన్న ఆదివారం ఇదే బల్ల మీద కూర్చుని, ఫోను బ్యాటరీ ఉబ్బితే పొడిచి గాలి తీసెయ్యాలని ఆయన కోసిన కోతలు విని, ఆమె మొగుడు లాజరు ఇంటికెళ్ళి అంతపనీ చేశాడు. బుస్సుమని మంట లేచి కుడిచెయ్యి కాలింది. టీ తిరగబోసే చెయ్యి. వేళ్ళు మునుపటిలా ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. "ఎవరికీ చెప్పకే, నవ్వుతారు" అని లాజరు బతిమాలుకున్నాడు. అందుకని అడిగినవాళ్ళందరికీ జ్వరమని చెప్పి, ఆయన్ని కొట్టు వెనక గదిలో పడుకోబెట్టింది.

"మొదట్లో నాది చిన్న కేసేలే," అంటున్నాడు బసవపున్నయ్య కాలు మీద కాలేసుకుని. "నా ఫోను రాత్రంతా ఛార్జింగులో ఉండి తెల్లారేసరికి పూరీలా ఉబ్బింది. షాపువాడు కొత్త బ్యాటరీ వెయ్యాలన్నాడు. ఓరి పిచ్చోడా, పచ్చిమేత మేసి కడుపుబ్బిన గేదెకి డొక్కలో పొడిచి గాలి తీసే చెయ్యిరా ఇది, నాకా చెబుతావ్ అని సూదితో ఒక్క పోటు పొడిచా. తుస్సుమంది. ఆ ఫోనుకి మళ్ళీ ఛార్జింగు పెట్టిన పాపాన పోలేదు!"

"అసలు పెట్టకుండానే పనిచేస్తందా?" అన్నాడు దర్జీ రహమతుల్లా.

"గాలి పోయాక లోపలంతా కరెంటే గదయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెంజ్ సర్కిల్ నుంచి కబురొచ్చింది. అక్కడో షాపులో ఫోన్లన్నీ ఒక్కసారే ఉబ్బి షట్టరు లేవట్లేదంట. ఓనరు కారు పంపాడు. నేను షట్టరు సందులోంచి దబ్బనం దూర్చి వరసగా పొడుచుకుంటా పోతంటే, ఆ గాలికి ట్రాఫిక్ పోలీసు టోపీ ఎగిరి బందరు రోడ్డంట పోయింది, దాని వెనకాల ఆయన, ఆయన వెనకాల ఆటోలన్నీ!"

అందరూ నవ్వారు. శౌరమ్మ పాలగిన్నె ఠప్పుమని పెట్టింది. సగం పాలు ఒలికిపోయాయి.

"అమ్మాయికి నమ్మకం కుదిరినట్టు లేదు. అసలుది ఇప్పుడు వినండి! బెజవాడలో కరెంటు బస్సు బ్యాటరీ ఉబ్బింది. తలుపులు బిగుసుకుపోయి జనం లోపల గోల. డ్రైవరు నా కాళ్ళ మీద పడ్డాడు. నేను గడ్డపార పట్టుకుని బస్సు కిందకి దూరి, దుర్గమ్మ తల్లీ అని ఒక్క పోటు! బస్సు లేచింది, లేచి కృష్ణ మీదుగా పోయి అవతల తాడేపల్లిలో దిగింది. ఒక్కడికి దెబ్బ తగిల్తే ఒట్టు. కండక్టరు మాత్రం, ఏరు దాటాం కాబట్టి ఇంకో టిక్కెట్టు తీసుకోమన్నాడు!"

బల్ల ఊగిపోయేలా నవ్వారు. ఆటో నడిపే యేసుబాబు మాత్రం నవ్వకుండా జేబులోంచి ఫోను తీశాడు. దాని వెనక మూత ఒకపక్క పైకి లేచి ఉంది.

"బాబాయ్, నాదీ ఉబ్బింది. ఎక్కడ పొడవాలి?"

"నడిమధ్యలో. భయపడకుండా పొడువు."

"శౌరమ్మక్కా, ఓ పిన్నీసు ఇస్తావా?"

శౌరమ్మ గాజులకి ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుంటాయి. లాజరు అడిగినప్పుడు తీసిచ్చింది కూడా వాటిలోదే. ఆమె పొయ్యి ఆపి వచ్చింది. యేసుబాబు చేత ఫోను ఆఫ్ చేయించి, కొట్టు పక్కన కాలవ పనికి పోసిన ఇసక మీద పెట్టించింది. పిన్నీసు తీసి బసవపున్నయ్య ముందుకి చాపింది.

"వాడికేం తెలుసు? అలవాటైన చెయ్యి మీది. మీరే పొడవండి బాబాయ్."

"నేనా? చేతులు తడిగా ఉన్నాయమ్మా..."

"తుడుచుకోండి." భుజం మీది తువ్వాలు ఆయన ఒళ్ళోకి విసిరింది.

"దీనికి దబ్బనమైతేగానీ..."

"బస్సుని ఏరు దాటించినోరికి బోడి ఫోను ఒక లెక్కా? లేవండి!"

పిన్నీసు ఆయన చేతిలో కుక్కి, రెక్క పట్టుకుని ఇసక వైపు లాగింది. బసవపున్నయ్య చెయ్యి విదిలించుకుని బల్ల అవతలికి ఒక్క గెంతు గెంతాడు.

"వద్దే తల్లీ! పేలుద్ది! చెయ్యి కాలుద్ది!"

యేసుబాబు ఇసక దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"తెలుసన్నమాట." శౌరమ్మ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. "తెలిసి తెలిసే మా ఆయనకి చెప్పావు. యేసుబాబూ, దాన్ని గుచ్చకు, నొక్కకు, ఛార్జింగు పెట్టకు. రిపేరు షాపువాణ్ణి పిలిచి అప్పగించు."

"ఏదో సరదాకి అన్న మాటలమ్మా..." బసవపున్నయ్య వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

శౌరమ్మ వెనకగది పరదా లాగింది. మంచం మీద లాజరు, కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని తలొంచుకున్నాడు.

"ఇదీ ఉబ్బింది," అంది శౌరమ్మ ఆ చెయ్యి చూపించి. "రా. వచ్చి గాలి తీసి పో."