రెండుంబావు అంగుళాల ఫుట్‌రెస్టులు

“గుంటల్లోనూ గుట్టలమీదా పందెంబండి తోలేవాళ్ళు దేనిమీద ఉంటారర్రా? తొందరపడకండి. ఆలోచించి చెప్పండి.”

“సీటుమీద!” అన్నాడు నా మనవడు సూర్య. వీడు చెయ్యెత్తకుండానే జవాబు చెప్పేస్తాడు, అచ్చం వాళ్ళ నాన్నలాగే.

“తప్పు. సీటుమీద కూర్చునేవాడు ప్రయాణికుడు. పందెం తోలేవాళ్ళు నిలబడతారు. మోకాళ్ళు కాస్త వంచి, ఇంజనుకి అటొకటీ ఇటొకటీ పొడుచుకొచ్చిన రెండు ఇనపముక్కలమీద నిలబడతారు. ఫుట్‌రెస్టులంటే అవే. మనిషి బరువూ, గుట్టమీంచి గెంతి పడినప్పటి అదురూ, లోపలి భయమూ అన్నీ వాటిమీదే. మరి మీ తాత బండికున్నవి ఎంత వెడల్పు?”

వాడి పక్కన నా మనవరాలు మల్లిక. పిక్కకి కట్టుకున్న గుడ్డకేసి చూసుకుంది. దానికి తెలుసు. వేలెడు.

శనివారం మధ్యాహ్నం నాలుగయింది. బోటాటౌంగ్ పేటలో మా మేడ కిందే టీకొట్టు. కరెంటు లేదు గనక మేడమీది జనమంతా కింద పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళమీదే ఉన్నారు. పక్క స్టూలుమీద మా అబ్బాయి కృష్ణకుమార్, వాడికెదురుగా వెల్డింగు త్రినాథ్. తెల్లారితే ఊరి బయట మైదానంలో పాత మోటారుసైకిళ్ళ పందెం. మల్లికకి పదిహేడు నిండాయి, తాత బండి తోలతానని పేరిచ్చేసింది. పోయిన ఆదివారం సాధన చేస్తూంటే ఆ వేలెడు ఇనుంమీంచి కాలు జారి పిక్క చీరుకుపోయింది. అప్పుడు మా అబ్బాయి ఒకే మాటన్నాడు: “వెడల్పువి పెడితేనే పందెం. లేకపోతే సోమవారం బండి అమ్మేస్తాను.” మాండలేలో కొనేవాణ్ణి కూడా చూసిపెట్టుకున్నాడు. రోజుకి రెండుసార్లు ఫోను.

సరే, కొందామని పబేడాన్‌లో విడిభాగాల కొట్టుకెళ్ళాను. కొట్టాయన, పేరు ఊ సెయిన్, “బ్యాంకాక్ నుంచి రావాలి సయామా, రెండు నెలలు పడుతుంది” అన్నాడు. ఇక్కడ పంతులమ్మని సయామా అంటారు, రిటైరై పన్నెండేళ్ళయినా ఆ పిలుపు పోలేదు. “అయితే నేనే చేసుకుంటాను” అన్నాను. నవ్వాడు.

“నవ్వాడు! విన్నారా? ఫుట్‌రెస్టులు చెయ్యడం నాకేమైనా కొత్తా?”

“కొత్త కాదా?” అన్నాడు సూర్య.

“వినండి మరి. మీ తాత బలరాంగారు వానాకాలంలో ఆ బండేసుకుని లైంగ్‌థార్యార్ అవతల పొలాల్లోకి పందేలకి వెళ్ళేవారు. బురద బూటు వేలెడు ఇనుంమీద నిలుస్తుందా? నిలవదు. తడిసబ్బులాగ జారిపోతుంది. ఒకరోజు ఆయన నిద్దరోతూంటే నేను ఆ ముక్క పక్కన ఇంకో ముక్క పెట్టి, ఆకురాయితో రాసి, అతికించి, ఒక వేలుది రెండు వేళ్ళు చేశాను. అంతే. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు. రెండు వేళ్ళే.”

“అంతేనా?”

“అంతేనా అంటే? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెడల్పొక్కటీ ఉంటే చాలదు, పట్టు ఉండాలి. పట్టుకి ఏం కావాలి? పళ్ళు. వంటింట్లో పళ్ళున్నదేది? కొబ్బరికోరు! మా అమ్మ ఈ దేశం రావడానికి గోపాలపూర్‌లో ఓడెక్కినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న కొబ్బరికోరు. దాని తలకాయ నిలువునా కోసి, చెరో సగం చెరో ఫుట్‌రెస్టుకీ అతికించేశాను.”

“ఏటి సయామగారూ, కొబ్బరికోరే!” అన్నాడు త్రినాథ్.

“కొబ్బరికోరే. ఆ పందెంలో మీ తాత మొదట వచ్చారు, అది పెద్ద విశేషం కాదు, విశేషం ఏమిటంటే ఇంటికొచ్చి బండి దిగలేకపోయారు. పళ్ళు బూటుని పట్టేశాయి. బూటులోంచి కాలు తియ్యొచ్చు కదా అంటారా? బూటుని దాటి మేజోడునీ పట్టేశాయి. ఏం చేస్తారు మనిషి? బండితో సహా మూడంతస్తుల మెట్లెక్కారు. మూడు రోజులు మన ముందు గదిలో బండిమీద నిలబడే అన్నం తిన్నారు. నాలుగో రోజు నాకు తట్టింది. కొబ్బరికోరు పళ్ళు దేనికి లొంగుతాయి? కొబ్బరినూనెకి. అరసీసా పోశాను, వదిలాయి.”

“మరి మూడు రోజులూ స్నానం?”

“వానాకాలం అని మొదటే చెప్పాను త్రినాథూ. పాఠం వినాలి. నూనె పోశాక బండి మాత్రం కిందికి దిగలేదు, అది గుర్తు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు మీ తాత కాళ్ళున్నాయి దానికి, దిగేటప్పుడు లేవు. సరే, ఇంట్లోనే ఉంది కదా అని నేను తీరికున్నప్పుడల్లా ఫుట్‌రెస్టుల్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. అరచెయ్యంత అయ్యాయి. అట్లపెనమంత అయ్యాయి. ఒక రోజు చూద్దును గదా, మన వీధిలో మొహింగా అమ్మే డా మ్యా, పాపం వానకి చోటులేక, చేపలపులుసు కుండా నూడుల్సు గంపా పట్టుకొచ్చి ఒక ఫుట్‌రెస్టుమీద పొయ్యి పెట్టేసింది. తినేవాళ్ళకి రెండోదానిమీద ఆరు స్టూళ్ళు వేశాం. తెల్లారేసరికి మూడో అంతస్తుదాకా మెట్లమీద వరస కట్టేవారు జనం.”

మా అబ్బాయి ఫోనులోంచి తలెత్తాడు. “అమ్మా, అప్పటికి నేను ఇంట్లోనే ఉన్నాను. నాకేమీ గుర్తులేదే?”

“నువ్వెక్కడున్నావు? బళ్ళో గోడకుర్చీ వేస్తున్నావు. వేయించింది నేనే కాదూ!”

టీకొట్టు అంతా నవ్వింది. వాడు మళ్ళీ ఫోనులోకి దిగిపోయాడు. నేను మల్లికకేసి చూశాను. అది నవ్వలేదు. ఆ గుడ్డ ముడినే వేలితో లాగుతూ కూర్చుంది. అలాంటి పిల్ల క్లాసులో ఒక్కతి ఉన్నా పాఠం దానికోసమే చెప్పాలి. గొంతు పెంచాను.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్ళో మోటారుసైకిళ్ళు తిరగకూడదని నిషేధం వచ్చింది. ఈ వీధుల్లో చక్రం రోడ్డుకి తగిలితే బండి పట్టుకుపోతారు. మీ తాత గోడకి తల ఆనించుకుని కూర్చున్నారు. లారీవాణ్ణి అడిగితే రానన్నాడు, పికప్ కారువాడు ఫుట్‌రెస్టులు చూసి పారిపోయాడు. అమ్మెయ్యండి అన్నారు ఇరుగుపొరుగూ. ఎవరు పడితే వాళ్ళు అనడమే! నాకు ఒళ్ళు మండింది. చక్రం రోడ్డుకి తగలకూడదు, అంతేగా? తగలనివ్వను. ఆ రాత్రికి రాత్రి ఫుట్‌రెస్టుల్ని ఒక్కోటీ నాలుగు గజాలు చేశాను.”

“గజాలే!” అన్నాడు సూర్య.

“గజాలే. గజానికి మూడడుగులు, నాలుగు గజాలకి ఎంత? పన్నెండు. రెండు పక్కలా కలిపితే? ఇరవై నాలుగు. అలాంటి వస్తువుని మీ సైన్సు పుస్తకంలో ఏమంటారు? రెక్కలు! బండి ఎలాగూ మూడో అంతస్తులోనే ఉంది. బాల్కనీ కమ్మీలు తీసేసి, తాతని వెనక కూర్చోబెట్టి, టిఫిను క్యారేజీ ఆయన చేతికిచ్చి, నేను ఫుట్‌రెస్టులమీద నిలబడ్డాను.”

“నానమ్మా, నీకు బండి తోలడం రాదు కదా?”

“తోలాననలేదు సూర్యా. ఎగిరానన్నాను. నేర్చుకోవాల్సింది తోలడానికే. లేచాం! అందరికన్నా ముందు బోటాటౌంగ్ పగోడా ఎదురైంది. మర్యాద ఉండొద్దూ? ఇద్దరం చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, మూడు ప్రదక్షిణాలు చేసి మరీ కదిలాం. కింద ట్రాఫిక్ పోలీసు ఈల ఊదాడు. ‘దిగండి!’ అన్నాడు. ‘దిగితే చక్రం రోడ్డుకి తగులుతుంది నాయనా, తగిలితే నేరం, నువ్వు నాచేత నేరం చేయిస్తావా?’ అన్నాను. ఆలోచనలో పడిపోయాడు. నా దగ్గర చదువుకున్నవాడే, లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కలేదు. చివరికి సెల్యూట్ కొట్టాడు.”

“ఏటైనా సయామగారు సయామగారే!” అన్నాడు త్రినాథ్ తొడ కొట్టుకుంటూ.

“ఇప్పుడే అయిపోయిందనుకున్నావా? నది దాటి లైంగ్‌థార్యార్ మీదికి వచ్చేసరికి మా ఫుట్‌రెస్టుల నీడ అక్కడి బట్టల ఫ్యాక్టరీలన్నిటిమీదా పడింది. మిట్టమధ్యాహ్నం చీకటైపోయింది. పక్షులు గూళ్ళకి చేరాయి. కాపలావాళ్ళు సాయంత్రమైందనుకుని గంటలు కొట్టేశారు. వేలమంది ఆడపిల్లలు కుట్టుమిషన్లు ఆపేసి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, ఎండపొద్దు ఉండగానే ఇళ్ళకి పోయారు. వాళ్ళ జీవితంలో అలాంటి రోజు మళ్ళీ రాలేదు. ఎవరివల్ల? వెడల్పు ఫుట్‌రెస్టుల వల్ల! ఊ సెయిన్ నవ్వాడట, బ్యాంకాక్‌ట, రెండు నెలలట!”

“అంతా బాగుందమ్మా,” అన్నాడు కృష్ణకుమార్. వాడి గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “అవి ఇప్పుడేవి? రేపు ఉదయం ఎనిమిదింటికి బండి చెకింగ్. పిల్ల మళ్ళీ ఆ సన్నవాటిమీద నిలబడితే నేను చూడలేను.”

“నువ్వు చూడక్కర్లేదు. ఆ రెక్కలు చేసిన చెయ్యి ఇదే. ఇదిగో!”

సంచిలోంచి కాగితం పొట్లం తీసి స్టూలుమీద విప్పాను. కొత్తవి. అయిదు రోజులు కరెంటున్న గంటలు చూసుకుని నేను కోసి, రాసి, త్రినాథ్‌చేత అతికించినవి. ఒక్కోటీ రెండుంబావు అంగుళాల వెడల్పు, అంచంతా కొబ్బరికోరు పళ్ళలాంటి గరుకు. మా అబ్బాయి ఫోను పక్కన పెట్టాడు. సూర్య వేలితో పళ్ళు తాకి “అబ్బా!” అన్నాడు. త్రినాథ్ తన అతుకుల్ని తనే మెచ్చుకుంటున్నాడు.

మల్లిక రెండింటినీ చేతుల్లోకి తీసుకుంది. తిప్పింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయాయి.

“నానమ్మా,” అంది మెల్లిగా, “రెండూ ఎడమవే.”

అందరం ముందుకి వంగి చూశాం.

“ఇదిగో, బండికి తగిలించే ఈ చెవి రెండింటికీ ఒకే పక్కన ఉంది. నేల తగిలితే ఫుట్‌రెస్టు వెనక్కి ముడుచుకోవాలి కదా. దీన్ని కుడివైపు బిగిస్తే ముందుకి ముడుచుకుంటుంది. చెకింగ్‌లోనే ఆపేస్తారు. కొలత దేనితో తీశావు?”

“మీ తాత బూటుతో,” అన్నాను.

“ఏ బూటు?”

ఇంట్లో ఉన్నది ఒక్కటే. ఆయన పోయాక అలమారులో దాచుకున్న ఎడమకాలి బూటు. దాన్ని అట్టమీద పెట్టి గీశాను. రెండోదానికీ దాన్నే పెట్టి గీశాను. ముప్ఫయి ఏళ్ళు పిల్లలకి అద్దంలో బొమ్మ ఎలా తిరగబడుతుందో బోర్డుమీద గీసి చూపించినదాన్ని.

“నాలుగు గజాల రెక్కలు చేసినారు గాని సయామగారూ,” అని త్రినాథ్ మొదలెట్టి, నా మొహం చూసి, టీ గ్లాసు మూతికి పెట్టుకున్నాడు. సూర్య మాత్రం ఆగలేదు. “అయితే నువ్వు ఎగిరినప్పుడు కూడా రెండూ ఎడమవేనా? గుండ్రంగా తిరిగేసుంటావు!” టీకొట్టు అంతా పగలబడింది.

ఫోను మోగింది. మాండలే. కృష్ణకుమార్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు గాని ఎత్తలేదు, కూతురికేసి చూస్తున్నాడు. మల్లిక ఒక ఫుట్‌రెస్టుని మెట్టు అంచుమీద పెట్టి, టీకొట్టువాడి బకెట్లో చెప్పు ముంచి, తడి చెప్పుతోనే దానిమీద ఒంటికాలిమీద నిలబడింది. ఊగింది. కావాలనే పాదాన్ని పక్కకి లాగింది. మళ్ళీ లాగింది.

“నాన్నా, జారట్లేదు.”

ఫోను మోగీ మోగీ ఆగిపోయింది.

అప్పుడే నెత్తిమీద ఫ్యాను కదిలింది. కరెంటు.

“ఎందాకా ఉంటుంది త్రినాథూ?”

“ఎనిమిదింటిదాకా ఉంటాదండీ.”

“ఒకదానికి చెవి కోసెయ్యాలి, పళ్ళు అలాగే ఉంచి అవతలి పక్కన అతకాలి, మళ్ళీ ఆకురాయి పట్టాలి. మూడు గంటల పని. నువ్వెళ్ళి మిషను వేడెక్కించు.”

“అమ్మా, నీ చేతులు చూసుకున్నావా?” అన్నాడు కృష్ణకుమార్. బొబ్బలు చూశాడు కాబోలు.

“చూసుకున్నాను. రెండున్నాయి, ఒకటి ఎడమది, ఒకటి కుడిది. ఈసారి తప్పు రాదు. నువ్వొచ్చి పట్టకారు పట్టుకో. ఫోను ఇక్కడ పెట్టెయ్.” సూర్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “నవ్వరా, నవ్వు. సగం పని అయిపోయింది, ఎడమది అచ్చంగా కుదిరింది. కుడిది చెయ్యాలి. జరగండి, దారివ్వండి.”