కుడి మోకాలి సాక్ష్యం

కావలి, 1962. డాక్టరు జీవానందం ఆసుపత్రి. మోకాలు చూపించుకోవడానికి వచ్చినవాడు పల్లెపాళెం పోలేరయ్య. వెంట వచ్చింది అతని భార్య పిచ్చమ్మ.

"పంచె ఇంకొంచెం పైకెత్తు, పోలేరయ్యా."

"ఇంతకంటే పైకా, డాక్టరయ్యా?"

"ఎత్తు మావా. పాళెంలో గోచీతో తిరగతావు, ఇక్కడికొచ్చి సిగ్గా?"

"నువ్వు ఊరుకో పిచ్చమ్మా. డాక్టరయ్యని మాట్లాడనీ."

"నొప్పి ఈ కుడి మోకాలేనా? ఎడమదానికి ఏమీ లేదా?"

"లేదయ్యా. అది బంగారం. ఈ కుడిదే, లోపలి పక్కన, సూది పెట్టి గుచ్చినట్టు."

"మొన్న పెద్దవల లాగతా లాగతా కూలబడినాడయ్యా. తాడు ముందు పట్టేది ఈయనే. ఈయన కూలబడితే తాడంతా కూలబడినట్టే. ఇంకోతూరి ఇట్ట జరిగితే ముందు చోటు ముత్యాలయ్యకి ఇచ్చేస్తారంట."

"ఇచ్చేదీ లేదు, చచ్చేదీ లేదు."

"నాకూ మోకాలు పోట్లే. శుక్రవారం శుక్రవారం ఎండుచేపలు తీసుకోని బండెక్కి కావలి సంతకి పొయ్యొస్తా. నేను ఎవురికైనా చెప్పుకుంటున్నానా?"

"ఇప్పుడు చెప్పినావు గదమ్మే."

"ఆగండి ఇద్దరూ. పోలేరయ్యా, పాదాలు దగ్గరికి పెట్టి నిలబడు. చూశావా, మడమలు తగిలాయి. మోకాళ్ళ మధ్య నా పిడికిలి పడుతోంది."

"పుట్టింది అట్టేనయ్యా. మా తాతవీ ఇవే కాళ్ళు. మధ్యలోంచి కుక్కపిల్ల దూరిపొయ్యేది."

"నావీ అంతే డాక్టరయ్యా. ఆ తాతే మా అమ్మకి నాయన. మాది మేనరికం."

"వంకరంతా తొడ ఎముకలో ఉంది. విల్లులా బయటికి వంగింది. వల మూట కర్రకి కట్టి ఇద్దరు మోస్తారు కదా. ఆ మూట ఒకడివైపు జారితే?"

"వాడి భుజం పాయె."

"మోకాలి లోపల కూడా ఇద్దరు మోసేవాళ్ళున్నారనుకో. లోపలి పక్కన ఒకడు, బయటి పక్కన ఒకడు. నీ తొడ ఎముక వంపుకి ఒంటి బరువంతా లోపలివాడి వైపు జారింది. బయటివాడు బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు."

"మాతో వల లాగే రమణయ్య మాదిరి."

"ఎముకని నేను మార్చలేను. కానీ ఒకటి అర్థం కావడం లేదు. వంపు రెండు కాళ్ళకీ సమానంగా ఉంది. నొప్పి ఒక్కదానికే ఎందుకొచ్చింది? దూరం ఎక్కడికైనా నడుస్తుంటావా?"

"నడిచేదేముందయ్యా. ఇల్లు, సముద్రం."

"అదేంది మావా, శనివారం శనివారం నడవవా? చేపలకి ఉప్పు కోసరం పోతాడయ్యా. దక్షిణంగా ఉప్పుకొటార్ల దాకా ఒడ్డమ్మడి నడక. వచ్చేటప్పుడు ఉప్పుబండెక్కి రోడ్డు మీద వస్తాడు. రెండేళ్ళ నుంచీ ఇంతే."

"అదంతా డాక్టరయ్యకెందుకే."

"నాకు కావాలి. నడిచేది తడి ఇసక మీదేనా?"

"తడిదే గదయ్యా గట్టిగా ఉండేది."

"అక్కడ నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఇదిగో, ఈ పలక ఎక్కు. ఒక పక్క కింద ఇటుక పెట్టాను. పల్లం ఉన్న పక్క సముద్రమనుకో. ఇప్పుడు సముద్రం నీ ఎడమచేతి పక్క. కుడి మోకాలు ఎట్లా ఉంది?"

"హాయిగా ఉందయ్యా. సగం నొప్పి పోయినట్టుంది."

"వెనక్కి తిరుగు. ఇప్పుడు సముద్రం కుడిచేతి పక్క."

"అబ్బా. దిగతానయ్యా."

"అదీ సంగతి. సముద్రం కుడి పక్కనుంటే నీ కుడి పాదం బయటి అంచు పల్లంలో పడుతుంది. లోపలివాడి మీదికి బరువు ఇంకా జారుతుంది. ఎడమ పాదానికేమో బయటి అంచు మెరక మీదుంటుంది, దానికి సుఖం. కానీ..."

"మందు రాసివ్వండయ్యా, పోతాం."

"కానీ దక్షిణానికి పోయేవాడికి సముద్రం ఎడమ పక్కన కదా ఉండాలి. ఎడమ మోకాలు పోవాలి. నీకు కుడిది పోయింది."

"మోకాలు గదయ్యా. దానికేం తెలుసు దిక్కులు."

"మావా."

"ఏందే."

"సముద్రం కుడిచేతి పక్కుండాలంటే ఎటు నడవాల?"

"బస్సు ఏళయింది పా, పోదాం."

"ఉత్తరానికి నడవాల. ఉత్తరాన ఏముందో డాక్టరయ్యకి చెప్పు."

"ఉత్తరాన శానా ఊళ్ళున్నాయి."

"తుమ్మలపెంట ఉంది. తుమ్మలపెంటలో ఈయన అక్క పేరమ్మ ఉంది. ఆమె గడప తొక్కనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాడయ్యా. తొక్కితే నేను పుట్టింటికి పోతానని చెప్పినా."

"గొడవ దేనికమ్మా?"

"మా పాళెంలో కొత్త వల ఏస్తే మొదటి గంప చేపలు ఆడపడుచుకి పంపాల. పంపినా. ఆ గంప తెచ్చి మా వాకిట్లో బోర్లించి పోయిందయ్యా, అందరూ చూస్తుండంగా."

"పైన రెండు వంజరాలు, కిందంతా పిత్తపరిగెలు పెట్టి పంపితే బోర్లించదా?"

"అంటే నువ్వు ఆమె పక్కే. రెండేళ్ళు నాకు ఉప్పు కథ చెప్పినావు. మరి ఆ ఉప్పు యాడిది?"

"తుమ్మలపెంటలోనే కొంటా. వచ్చేటప్పుడు బావ తెప్ప మీద దింపతాడు."

"నాకు ఒళ్ళు మండిపోతాంది మావా."

"మండనీ. ఇంక దాచలేను. అక్కదీ ఇదే ఎముకయ్యా, మా తాతదే. రెండు మోకాళ్ళూ పొయ్యి మంచం దిగలేకుండా ఉంది. పిల్లల్లేరు. తోడబుట్టింది అట్ట పడుంటే ఒట్టేసినానని ఇంట్లో కూర్చోలేకపోయినా. చూడకపోతే నాకు అన్నం దిగదు. పోతా, కాసేపు కాళ్ళు పిసకతా, రెండు ముద్దలు తిని వస్తా."

"మంచం దిగలేని మనిషి నీకు వండి పెడుతోందా?"

"పక్కింటామె ఎవురో శుక్రవారం చేపల పులుసు తెచ్చిపెట్టి పోతాదంటయ్యా. శనివారానికి అది బాగా మాగి, మామిడికాయ ముక్క కరిగిపొయ్యి ఉంటాది. ఏం చెప్పేది. అచ్చం పిచ్చమ్మ చేతి పులుసే."

"అదేం గొప్ప. మామిడికాయ ఏస్తే ఎవురి పులుసైనా అట్టే ఉంటాది."

"సరే, మందుకంటే నీకు చెప్పులు ముఖ్యం పోలేరయ్యా. బజారులో యెహోషువ ఉన్నాడు, నా పేరు చెప్పు. బయటి అంచు కింద చిటికెన వేలి మందాన తోలు వేసి కుడతాడు. ఇక మీద అవి లేకుండా ఇసకలో నడవొద్దు."

"బీడీ తాగేవాడిని లేపతాయా?"

"లేపుతాయి. బరువులో కొంచెమైనా వాడికి అప్పజెబుతాయి. వల లాగేటప్పుడూ తొడుక్కో, ముందు చోటు ఎక్కడికీ పోదు. అమ్మా, నీకూ మోకాలు నొప్పన్నావు. ఏ కాలు?"

"నాకేం లేదయ్యా. బండెక్కీ దిగీ ఏదో పట్టేసింది."

"ఏ కాలు అని అడుగుతున్నాను."

"ఎడమది."

"వచ్చినప్పటి నుంచీ కుడిదాన్ని పిసుక్కుంటున్నావే."

"పిచ్చమ్మా, ఆ పలకెక్కు."

"ఎక్కను."

"సముద్రం ఏ పక్కన పెట్టమంటావే?"

"డాక్టరయ్యా, ఒక్క మాట అడగతా. పులుసు కుండ నెత్తిన పెట్టుకోని నడిస్తే, ఆ లోపలివాడి మీదికి బరువు ఇంకా జారతాదా?"