తలుపు తీస్తేగానీ ముగియని పాట

పాట మరీ బాగా కుదిరింది. అదే కొంప ముంచింది. కూర్చోవయ్యా మరిదీ, నిలబడి వినే సంగతి కాదు.

ఇన్నేళ్ళుగా సెలవుల్లో మీ ఛానెల్లో వచ్చే బొమ్మల సినిమాలన్నిటికీ పాటలు నేనేగా కట్టింది? ఎలకల పెళ్ళికి కట్టాను, తొండం ఊడిన ఏనుక్కి కట్టాను. ఎవరికైనా ఏమైనా అయిందా? ఎలక గొంతు నాకు అచ్చొచ్చిందని మీ అన్నయ్య ఎగతాళి చేశారు, అంతే.

ఈసారి మంత్రగత్తె కథ. పాట పాడి పిల్లల్ని బయటికి రప్పిస్తుంది. ఏ పాటైనా చివరికొచ్చి షడ్జం మీద, ఆ 'స' మీద వాలాలి. అప్పుడే చెవికి ఇల్లు చేరినట్టుంటుంది. నేను వాలనివ్వలేదు. బొమ్మలో పిల్ల తలుపు తీశాకే వాలేలా కట్టాను. డైరెక్టరు మురిసిపోయాడు.

మరి నువ్వేం చేశావు? ప్రకటన కోసమని ఓ ముక్క కోసి, సరిగ్గా తలుపు ముందు ఆపేశావు. ఊరిస్తేనే చూస్తారన్నావు. పొద్దస్తమానం అదే వేస్తున్నారు.

మొన్నామధ్య టీవీలో ఆ ముక్క ఆగగానే మన పాప లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నడిరోడ్డు మీద నించుని ఉంది. ఏం చేస్తున్నావే అంటే, "మిగతా పాట ఎటుందో చూస్తున్నా నానమ్మా" అంది.

నవ్వకు. నేనూ అప్పుడు నవ్వాను. మర్నాడు కింది వాటావాళ్ళ పిల్ల కూడా అలాగే రోడ్డెక్కితే కారు గుద్దింది. పాపం, కాలికి కట్టు కట్టి ఇంటికి పంపారా, టీవీలో ఆ ముక్క రాగానే మంచం దిగి తలుపు దాకా పాకిందట. వాళ్ళమ్మ గొళ్ళెం పట్టుకుని కూర్చుంది.

సినిమా వేస్తే ముగింపు వింటారు, సర్దుకుంటుంది అంటావు. అంతదాకా? ఈలోపు ఎవరి పిల్ల ఏ రోడ్డు మీద నించుంటుందో నీకు తెలుసా, నాకు తెలుసా?

ఆపించమంటే నీ చేతుల్లో లేదన్నావు. నోరు మెదపకు వదినా, రెండో భాగం కూడా నీకే ఇప్పిస్తానన్నావు. పాట నాదని బయటపడితే ఇంకెవరూ పని ఇవ్వరనీ అన్నావు.

ఇవ్వరు. ఆమాత్రం నాకూ తెలుసు.

నువ్వు మెట్లెక్కుతుంటే ఒకావిడ ఎదురైందే, ఆవిడ పత్రికలో పనిచేస్తుంది. కట్టింది నేనని, కోసింది నువ్వని, రెండూ చెప్పాను. చెప్పాలని నిన్ననే అనుకున్నాను. చెప్పేశాను.